అక్షరానికి వాపు వేరు, బలుపు వేరు

జీడిపప్పు ప్యాకెట్ల లేబుళ్లు అచ్చయి వెళ్లిన మూడోరోజున ఆ వ్యాపారి ఒక ప్యాకెట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. చూపుడువేలు మొదటి అక్షరం మీద ఆనించి, "ఏటుంది బాబూ ఇక్కడ? సదువు" అన్నాడు.

చదివాను. పేర్చింది నేనే కాబట్టి నాకు "పలాస జీడిపప్పు" అనే కనిపించింది.

"నువ్వు రాసినావు గనక నీకలగ కనపడతంది. మా మనవరాలు ‘వలాస జీడివవ్వు’ అని సదివింది. ఆమదాలవలస ఉంది గదా, సాలదా? పలాసని కూడా వలస సేసీవా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు, నాకే నవ్వు రాలేదు. మా శ్రీకాకుళం జిల్లాలో వలస అనే మాట ఊరి పేర్ల చివర ఉన్నంత హాయిగా మనుషుల నోట్లో ఉండదు. లేబుళ్లు మళ్లీ నా ఖర్చుతోనే వేయించి ఇచ్చాను. పాత లేబుల్ ఒకటి మాత్రం దాచుకుని, ఆ రాత్రి భూతద్దం పెట్టి చూశాను.

ప, వ అనే ఈ రెండక్షరాలకీ తేడా ఒక చిన్న సందు. ప ఎడమపక్క పైన కొంచెం నోరు తెరుచుకుని ఉంటుంది, వ నోరు మూసుకుని ఉంటుంది. నా లేబుల్ మీద ఆ సందు ఒక మిల్లీమీటరు ఉండేది. ఆ ఫాంట్‌లో ఒకే మందం ఉంది, లావు రూపం లేదు. అయినా నేను అక్షరాన్ని లావు చేసే ‘బి’ బటన్ నొక్కాను. నొక్కితే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? అక్షరం అంచు చుట్టూ సమానంగా రంగు పూస్తుంది. సందుకి అటు అర మిల్లీమీటరు, ఇటు అర మిల్లీమీటరు. ఇంకేం మిగిలింది? పైగా దానిమీద ఎర్ర అవుట్‌లైన్ ఒకటి వేశాను. పలాసని వలస చేసింది నేనే.

వాపును చూసి బలుపనుకోవడం అంటారే, అదే నేను చేసిన పని. అప్పటిదాకా లావు అక్షరం అంటే అక్షరాన్ని లావు చేయడమే అనుకున్నాను. కానీ వాచిన అక్షరం వేరు, బలిసిన అక్షరం వేరు. వాపులో బయట పెరిగినంతా లోపల తగ్గుతుంది. బలుపు అలా కాదు. లావుగా ఉండాలని మొదటి గీత నుంచే అనుకుని గీసిన అక్షరం అది. అందులో గీత మందం పెరిగితే అక్షరం వెడల్పు కూడా పెరుగుతుంది, లోపలి బొక్క పూడిపోకుండా చూసుకుంటారు, రెండు గీతలు కలిసే మూల దగ్గర ఒక గీతను కొంచెం సన్నం చేస్తారు. చూసేవాడి కంటికి అన్నీ ఒకే లావులో ఉన్నట్టుంటాయి. కొలిస్తే ఉండవు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. మా పెద్ద మావయ్య గోడల మీద రాసేవాడు. ఎన్నికలు, ఎరువుల ప్రకటనలు, బడి గోడల మీద సూక్తులు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెనక డబ్బా పట్టుకుని తిరిగేవాణ్ణి. దారానికి సుద్ద రాసి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలేవాడు. టప్పున గోడ మీద తిన్నటి గీత పడేది. పైన ఒకటి, కింద ఒకటి, ఒత్తుల కోసం ఇంకా కింద మూడోది. ఆ మూడో గీత మర్చిపోతే తిట్టేవాడు. లావు అక్షరం రాసేటప్పుడు ఆయన చేసే పని ఒకటి నాకు అప్పట్లో విచిత్రంగా ఉండేది. నీలం రంగుతో అక్షరం నింపేశాక, చిన్న కుంచె తీసుకుని తెల్లరంగుతో మళ్లీ దాని లోపలికి వెళ్లేవాడు. మ లో బొక్క, ఘ లో సందు, థ లో చుక్క చుట్టూ ఖాళీ. "బొక్క పూడిపోతే అచ్చరం గుడ్డిదైపోద్దిరా" అనేవాడు. ఆయనకి ఫాంట్ అనే మాట తెలీదు. ఆయనకి తెలిసిన ఆ ముక్క నాకు తెలియడానికి మాత్రం కంప్యూటర్ ముందు పదేళ్లు, పైన వెయ్యి లేబుళ్లు పట్టాయి.

ఇంగ్లీషు అక్షరాలకి ఈ బలుపు విద్య పాతది. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ 1922 నాటిది. అంత నల్లగా, అంత బొద్దుగా ఉండి కూడా కొసలు గుండ్రంగా ఉండటం వల్ల అది కసురుకున్నట్టు ఉండదు. నూరేళ్లు దాటినా దుకాణాల బోర్డుల మీద, టీషర్టుల మీద దాని హవా తగ్గలేదు. మన అక్షరాలు అసలే గుండ్రన. తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని, అందుకే గుండ్రాలొచ్చాయని పెద్దలు చెప్పేమాట అందరికీ తెలిసిందే. గుండ్రటి అక్షరానికి గుండ్రటి కొసలు కూడా పెట్టి లావు చేస్తే అది ముద్దుగా కాక ముద్దగా తయారయ్యే ప్రమాదం ఉంది. తెలుగులో లావైన ఆటపాటల అక్షరం గీయడం ఇంగ్లీషులో కన్నా కష్టమని నేననేది అందుకే. పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద ఒత్తు. పక్కన కొమ్ము. ఇన్ని అవయవాలూ ఒకేసారి ఒళ్లు చేస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

మన రెండు ఊళ్ల పేర్లే చూడండి. విజయనగరం అనే ఆరక్షరాల్లో ఒక్క ఒత్తు లేదు. ఎంత లావు చేసినా, బోర్డు ఎంత పొట్టిదైనా సర్దుకుని కూర్చుంటుంది. శ్రీకాకుళం నాలుగక్షరాలే గానీ మొదటి అడుగులోనే పేచీ. శ పైన గుడిదీర్ఘం, కింద క్రావడి. మిగతా మూడక్షరాలూ నేల మీద నిలబడితే శ్రీ ఒక్కటే బావిలోకి కాలు దించుతుంది. ఆ ఒక్క అక్షరం కోసం వరస మొత్తానికి కింద చోటు వదలాలి. విజయనగరం డిజైనర్లు మాకన్నా ప్రశాంతంగా ఉంటారని నా అనుమానం. అయితే దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం ఫ్లెక్సీలకి ‘పైడితల్లమ్మ’ అని వేయాల్సొచ్చినప్పుడు వాళ్లకీ ల్ల, మ్మ తగులుతాయి లెండి.

లేబుల్ దెబ్బ తర్వాత నేను వెతుక్కున్నవాటిలో రెండు ఫాంట్లు నా దగ్గర పాతుకుపోయాయి. ఒకటి రామభద్ర. సిలికానాంధ్ర సంస్థ పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన వరసలోది. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. ఆ వరసలోనే మన విజయనగరం గురజాడ పేరుతో ఒకటి, మన గిడుగు పేరుతో ఒకటి ఉన్నాయి. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్రది పెద్దమనిషి లావు. శీర్షికకి పెడితే పంచె సర్దుకుని అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది.

రెండోది బాలూ తమ్ముడు. ముంబైలోని ఎక్ టైప్ వాళ్లు 2016లో విడుదల చేసిన బాలూ కుటుంబంలో తెలుగు సభ్యుడు. మొదట ఒకే లావులో వచ్చింది, తర్వాత బాలూ 2 పేరుతో మామూలు మందం నుంచి బాగా లావు దాకా ఐదు మందాల్లో వచ్చింది. ఈ కుటుంబంలో పేర్లు పెట్టిన తీరు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఒక్కో లిపికీ ఒక్కో చుట్టరికం. గుజరాతీకి భాయ్, పంజాబీకి పాజీ, ఉర్దూకి భాయ్‌జాన్, బెంగాలీకి దా, ఒడియాకి భైనా, మలయాళానికి చేట్టన్. కన్నడానికి తమ్మ, తమిళానికి తంబి, మనకి తమ్ముడు. మలయాళం వాళ్లని, ఒడియా వాళ్లని అన్నలు చేసి మనల్ని తమ్ముళ్లలో ఎందుకు కలిపారని ఒకసారి పొరుగు షాపు కుర్రాడు పౌరుషంగా అడిగాడు. తమ్ముడికి పని తక్కువ, గారాబం ఎక్కువ, ఊరుకోరా అన్నాను.

బాలూ అనగానే జంగిల్ బుక్ కథలో ఎలుగుబంటి గుర్తొస్తుంది. ఈ అక్షరాలు నిజంగానే అలా ఉంటాయి. ఒళ్లంతా బొద్దు, కొసల్లో మాత్రం అక్కడక్కడ గోరు తగిలినట్టు చిన్న మొన. ఆ మొన లేకపోతే మెత్తటి ముద్దే మిగిలేది. ప రాసి చూడండి. ఎంత లావులో పెట్టినా నోరు తెరిచే ఉంటుంది. నాకు కావాల్సింది అదే కదా. జీడిపప్పు లేబుల్ దీంతో మళ్లీ పేర్చి ఆయనకి చూపించాను. ఆయనకి నచ్చింది. అక్కడితో ఊరుకోక, ఈ అక్షరాలకి ఎలుగుబంటి పేరు పెట్టారండీ అని ఉత్సాహంగా చెప్పాను. ఆయన మొహం మారిపోయింది.

"ఎలుగా? మా జీడికి ఎలుగు పేరెట్టిన అచ్చరాలా? తోటలోకి ఎల్లాలంటే కర్రట్టుకుని ఎల్తన్నాం బాబూ మాము."

నిజమే. ఉద్దానంలో, అటు మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు పక్క ఎలుగుబంటి అంటే పిల్లల పుస్తకంలో బొమ్మ కాదు. జీడితోటల్లోకి, పనస చెట్ల కిందికి వస్తుంది, మనుషుల మీద పడుతుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ముంబైలో కూర్చుని చూస్తే ముద్దొచ్చేది పలాసలో ఒళ్లు జలదరించేలా చేస్తుంది. అప్పట్నుంచి ఈ ఫాంట్ పేరు అడిగితే "తమ్ముడు" అని మాత్రమే చెబుతున్నాను.

ఇక నా అసలు పేచీ. ఈ ఆటపాటల అక్షరాన్ని రెండు రకాల వాళ్లు పాడుచేస్తున్నారు. మొదటి రకం నాలాంటి వృత్తివాళ్లు. అక్షరానికి తెల్ల అవుట్‌లైన్, దానిమీద ఎర్రది, దానిమీద నల్లది, కింద నీడ, పైన మెరుపు. ఫ్లెక్సీ మీద ఆరడుగుల చోటిస్తే అందులో రెండడుగులు ఈ చొక్కాలకే పోతాయి. మిగిలిన నాలుగడుగుల్లో అక్షరం ఊపిరాడక ఉంటుంది. ఈ పని నేను పదేళ్లు చేశాను కాబట్టి తిట్టే హక్కు నాకుంది. గీసినవాడు లావులోనే నవ్వు పెట్టి ఇచ్చాక దానికి మళ్లీ అలంకారాలెందుకు? ఒక్క రంగు, వెనక దానికి ఎదురు రంగు. పసుపు మీద ముదురు నీలం పెట్టి చూపిస్తే మొదట "బోడిగుంది" అంటారు. రోడ్డవతలికి తీసుకెళ్లి చూపిస్తే మాట మారుస్తారు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులవాళ్లు ఒక లెక్క చెబుతారు. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకి పుట్టిన లెక్క. తెలుగులో గుడికీ ఒత్తుకీ పోగా అసలు అక్షరం ఒళ్లు చిన్నది కాబట్టి నేను దానికి ఇంకో సగం కలుపుతాను.

రెండో రకం, ఈ అక్షరాలు చూడగానే మొహం చిట్లించేవాళ్లు. ఒక రిటైర్డు తెలుగు మాస్టారు తమ బడి పూర్వవిద్యార్థుల సంచిక అట్ట వేయించడానికి వచ్చారు. నేను పిల్లల బొమ్మల పేజీకి తమ్ముణ్ణి పెట్టి చూపిస్తే, "ఈ గెంతులేసే అక్షరాలేమిటయ్యా, చదువుల పుస్తకానికి ఒక మర్యాద ఉండొద్దూ?" అన్నారు. మర్యాద అంటే ఆయన ఉద్దేశం సన్నగా, నిటారుగా, దూరంగా ఉండటం. ఆయన ముందు గట్టిగా మాట్లాడలేకపోయాను, పెద్దాయన. ఇక్కడ చెబుతాను. మన జిల్లాలో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది దేనికి? జనం నోట్లో ఉన్న తెలుగుకి పుస్తకంలో చోటు కావాలనే కదా. ఆయన పుట్టినరోజే మనకి తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు వేసే ఫ్లెక్సీల మీద మాత్రం అక్షరం శిలాశాసనంలా ఉండాలంటారు. గిడుగు గారిని ఫాంట్ల తగువులోకి లాగడం నాకూ కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది, కానీ నాకు తోచిన పోలిక అది. మాటకి వాడుక భాష ఉన్నట్టే రూపానికీ వాడుక అక్షరం ఉంటుంది. గోడల మీద మా మావయ్య రాసింది అదే.

ఆటలాడే అక్షరం పెడితే విషయం పలచనైపోతుందన్న భయం మనకొక్కళ్లకే లేదు. 2012 జూలై 4న సెర్న్ పరిశోధన కేంద్రంలో హిగ్స్ బోసాన్ అనే కణం గురించిన ఫలితాలు చూపించినప్పుడు ఒక బృందం స్లైడ్లు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కానేర్ 1994లో కార్టూన్ కుక్కపిల్ల మాటల కోసమని మొదలుపెట్టిన అక్షరం అది. లోకమంతా నవ్వింది. కణానికి మాత్రం ఏమీ కాలేదు.

అలాగని ఎక్కడపడితే అక్కడ పెట్టమని కాదు. మందు చీటీ మీద, కోర్టు నోటీసు మీద, పేరాలకి పేరాలు చదవాల్సిన చోట దీన్ని పెడితే కొట్టాలి. రెండు మూడు మాటలకి మించితే ఒత్తులు కింది వరస గుళ్లకి గుద్దుకుంటాయి, చదివేవాడి కళ్లు అలిసిపోతాయి. ఒకసారి పని తొందరలో పుట్టినరోజు ఫ్లెక్సీ ఫైలు మీదే ‘శ్రద్ధాంజలి’ అని టైపు చేశాను. ద కింద ధ ఒత్తు బంతిలా ఎగిరి కనిపించింది. ఎవరూ చూడకముందే తీసేశాను. అదీ హద్దు. ఐస్‌క్రీం బండి, టిఫిన్ సెంటర్, అంగన్‌వాడీ గోడ, పిల్లల పుస్తకం అట్ట, తాటిబెల్లం ప్యాకెట్, మన యాసలో వీడియోలు చేసే కుర్రాళ్ల థంబ్‌నెయిల్, ఇవన్నీ దాని సొంతిళ్లు. పైగా రామభద్ర, తమ్ముడు రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఫాంట్లు. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. ఫాంట్‌ని ఫాంట్‌గా విడిగా అమ్మకూడదు, అంతే. దొంగ సీడీల్లో వచ్చిన ఫాంట్లతో బతికిన మా తరానికి ఇది ఎంత తేలికో చెప్పలేను. ఒక్క జాగ్రత్త. ఇవి యూనికోడ్ ఫాంట్లు, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా అక్షరానికి ఒకే కోడ్ ఉండే పద్ధతివి. పేజీలు పేర్చే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ అలవాటుతో వస్తే కుదరదు. ఫొటోషాప్ పాత వెర్షన్ల లాంటి వాటిలో మన భాషలకి పనిచేసే టెక్స్ట్ ఇంజన్ ఎంచుకోవాలి. లేకపోతే శ్రీ కాస్తా ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్కా ఒక్కో పక్క నిలబడుతుంది.

ఈమధ్య నాకు బాగా నచ్చిన పని ఒకటి వచ్చింది. ఇచ్ఛాపురంలో ఒక మిఠాయి దుకాణం. అక్కడ బేరానికి వచ్చేవాళ్లలో సగం మంది ఒడియా మాట్లాడేవాళ్లు, కాబట్టి బోర్డు రెండు భాషల్లో ఉండాలి. అటువైపు రెండు లిపుల బోర్డులు చాలా ఉంటాయి గానీ తెలుగు ఒకడు రాసినట్టు, ఒడియా ఇంకెవరో రాసినట్టు ఉంటాయి. ఒకటి లావు, ఒకటి పీల. ఒకటి అరుస్తుంటే ఇంకోటి గొణుగుతుంటుంది. నేను పైన తమ్ముణ్ణి, కింద భైనాని పెట్టాను. ఒకే కుటుంబం కాబట్టి గీత మందం కలిసింది. ఒడియా అక్షరం నెత్తిన పెద్ద గొడుగు ఉంటుంది, మన అక్షరం నెత్తిన చిన్న తలకట్టు ఉంటుంది. రెండూ ఒకే కుంచెతో గీసినట్టు కనిపించేసరికి దుకాణం ఆయన వాట్సాప్‌లో నమస్కారాల బొమ్మలు వరసగా పంపాడు.

తర్వాత ఫోన్ చేశాడు. ఊరి పేరు దగ్గర ఆగాడు. చ కింద ఛ ఒత్తు, ఆ ఒత్తుకి మళ్లీ కింద చిన్న గీత. లావులో పెడితే ఆ గీత బోర్డు కింది అంచుకి తగులుతోంది.

"ఇచ్చాపురం అని రాసీ బాబూ. ఆ గీత ఎవులు సూస్తారు? మాం పలకడం కూడా అలగే పలుకుతాం."

మా మావయ్య మూడో సుద్దగీత గుర్తొచ్చింది. బోర్డు మూడంగుళాలు పెంచితే సరిపోతుందన్నాను. ఇనప ఫ్రేము ముందే కొట్టించేశాను, అదెలా పెరుగుద్దన్నాడు. సరే, అక్షరాన్నే ఒక మందం తగ్గించి రాత్రి ఇంకో ఫైలు పంపాను. బుల్లి ఒత్తు, దాని కింద బుల్లి గీత, మధ్యలో వెంట్రుకంత ఖాళీ. రెండు టిక్కులూ నీలమయ్యాయి, జవాబు ఇంకా రాలేదు.